సున్నా మందం రేకు

మా ఫ్యాక్టరీకి హైడ్రోజన్‌ని శుభ్రం చేసే కొత్త యంత్రం వచ్చింది. లోపల అడ్డగోడలా పల్చటి లోహపు రేకు. దాన్ని వేడెక్కించి ఒకవైపు మురికి గాలి నింపితే, హైడ్రోజన్ ఒక్కటే రేకులోంచి దూరి అవతలికొస్తుంది, మురికంతా ఇవతలే ఆగిపోతుంది. లోహంలోంచి గాలి నడిచి రావడం! విన్నప్పటినుంచీ అన్నం ముందు కూర్చున్నా నాకదే ధ్యాస.

ఆ యంత్రం ఎవరికి అప్పగించేదీ టీ తాగాక చెప్తానంది ఇంజనీరమ్మ. దానిమీద ఆశంతా పెట్టుకున్న ఫిట్టరు బాబాయి, టీ బండి దగ్గర సరిగ్గా ఆవిడ ఎదురుగా నిలబడి ఎత్తుకున్నాడు.

"రేకు లెక్కలా? నాకు కొట్టిన పిండి. పాత ఫ్యాక్టరీలో గంటకెంత గాలి దాటుతుందో ఒక్కడూ తేల్చలేకపోయాడు. ఎందుకంటే, మొదలెట్టగానే కొలిచేసేవాళ్ళు. ముందు రేకు కడుపు నిండొద్దూ? నేను ఓపిగ్గా కూర్చున్నా. ఇటు దూరేదెంతో అటు వచ్చేదీ అంతే అయ్యాక లెక్క కట్టా. ఇటు గాలి ఎంత కిక్కిరిసింది, అటు ఎంత పల్చగా ఉంది, ఆ తేడాని రేకు మందంతో భాగించి, ఆ లోహం గుణంతో హెచ్చవేశా. నోటిలెక్కే! గంటకి గ్లాసుడు."

"ఇంతా చేసి గ్లాసుడేనా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న వెల్డరు.

"మా మేనేజరూ అలాగే మూతి విరిచాడు. మందం సగం చేస్తే రెండు గ్లాసులండీ అని, ఆకురాయి పట్టి నేనే అరగదీశా. సరిగ్గా రెండు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి ఊరుకుంటేనా! ఉల్లిపొరంత చేశా, బిందెలు నిండాయి. ఈగ రెక్కంత చేశా, ట్యాంకులు నిండాయి. రేకులోంచి చూస్తే అటు నిలబడ్డవాడి మీసాలు లెక్కపెట్టొచ్చు!"

"చిరగలేదా బాబాయ్?" అన్నాను.

"నా చేతిలోనా? ఊపిరి తగిలితే చిరుగుతుందని పన్నెండు రోజులు ఊపిరి బిగబట్టే అరగదీశానే పిల్లా! గాలి జోరుకి మేనేజరు కుర్చీతో సహా పైకి లేచాడు. సంతకాలన్నీ అక్కణ్ణుంచే."

"దిగాడా?"

"దిగితే ఆఫీసు పని ఎక్కువని దిగలేదు. అప్పుడు తట్టింది నాకు. భాగించేది మందమే కదా, అసలు అడ్డం ఆ మందమే కదా? మిగిలిన ఆ కాస్తా అరగదీసి పారేశా. ఇక అది గాలి కాదు, వరద! ఊళ్ళో సిలిండర్లు చాలక పక్క దేశాలవాళ్ళు సంచులు పట్టుకుని వరసకట్టారు. ఇంకా మిగిలితే చంద్రుడి దాకా పైపు వేశాం!"

ఆ పైపు నా కళ్ళకి మిలమిలా మెరిసింది. ఇంజనీరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"మందం సున్నా చేశావా బాబాయ్?"

"సున్నా అమ్మా! వెంట్రుకవాసి ఉంచితే ఒట్టు!"

"అంటే రేకే లేదన్నమాట."

"లేదు... అదే కదమ్మా గొప్ప."

"మరి మురికి దేన్ని పట్టుకుని ఆగింది?"

వెల్డరు నవ్వు ఆపుకోలేక టీ ఒంటిమీద పోసుకున్నాడు. బాబాయి చెవులు ఎర్రబడటం చూసి నాకే జాలేసింది.

"ఓపిగ్గా ఆగి కొలవాలని తెలిసినవాళ్ళు తక్కువ. యంత్రం నువ్వే చూసుకో," అంది ఆవిడ లేస్తూ. "రేకు జోలికి మాత్రం వెళ్ళనని మాటివ్వు."

"సరేనమ్మా," అన్నాడు.

బాబాయి నోట అంత పొట్టి మాట వినడం మాకదే మొదలు.