గంటలో పద్దెనిమిది తాళాలు

సాయంత్రం అయిదున్నర. పొద్దుట్నించీ పడిన వాన అప్పుడే వెలిసింది. అరుగు ఇంకా తడిగానే ఉంది.

జ్వరాలు తగ్గి, వీధిలోవాళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మొదలై వారమైంది. పక్కింటి మాస్టారు, మా మరిది కుర్చీల్లో కూర్చున్నారు. మా అబ్బాయి మెట్టు మీద, వీధికి వీపు పెట్టి. వాడు బీమా ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. ఏ పని చెప్పినా "గంటలో చేసేస్తా" అంటాడని వీధిలో వాడికి "గంటలో" అని పేరు పెట్టారు.

నేను టీ పోస్తున్నాను. మావాడు చెబుతున్నాడు.

"అది కాదు మాస్టారూ, ఆఫీసు మూసెయ్యమన్నారా, మా మేనేజరు నా దగ్గరికొచ్చి, బాబ్బాబు, సోమవారం నుంచి పద్దెనిమిది మంది ఇళ్లల్లో కూర్చుని పని చెయ్యాలి, జనం జబ్బుల వివరాలన్నీ మన దగ్గరున్నాయి, ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు, ఎలా అన్నాడు. తలా ఒక తాళం ఇస్తానన్నాను. ఇనప తాళం కాదు బాబాయ్, వేలెడంత బిళ్ళ. అది కంప్యూటరుకి గుచ్చి వాళ్ల వేలు ఆనిస్తేనే ఆఫీసు తెరుచుకుంటుంది. ఇంకొకరి వేలు పెట్టారో, మూసుకుపోతుంది."

"పెళ్లాం వేలు పెట్టినా?" అన్నాడు మా మరిది.

"పెళ్లాం వేలైతే రెండుసార్లు మూసుకుంటుంది."

నవ్వారు. వాడికి ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రపంచంలో ఉన్న కంప్యూటరు దొంగలంతా నా తాళం మీదే పడ్డారు. నేను పెట్టిన పాస్‌వర్డు ఎంత పొడుగంటే, టిఫిన్ తిని కొట్టడం మొదలుపెడితే సగానికొచ్చేసరికి భోజనం వేళవుతుంది. ఒక దొంగకైతే అది విప్పుతూ విప్పుతూ గడ్డం నేలకి తగిలింది."

"వాడి గడ్డం నువ్వెక్కడ చూశావురా?" అన్నారు మాస్టారు.

"కెమెరాలో మాస్టారూ. చివరికి వాడే ఉత్తరం రాశాడు, అయ్యా, దొంగతనం మానేస్తాను, మీ దగ్గరే ఉద్యోగం ఇప్పించండి అని."

"ఇప్పించావా?"

"వేలిముద్ర కలవలేదు."

అప్పుడే మా వీధి టైలరు గేటు తీసుకుని వచ్చి, వాడి వెనకాల నిలబడ్డాడు. ఆయన భార్య మావాడి ఆఫీసులోనే ఫోన్ల దగ్గర కూర్చునేది. నెల కిందట జ్వరంతో ఆసుపత్రిలో పోయింది. మావాడికీ తెలుసు. నోరు ఊపందుకుంటే వాడికి తెలిసినవి గుర్తుండవు.

చెయ్యెత్తి ఆపాల్సింది. అందరూ నవ్వుతున్నారు కదా అని ఊరుకున్నాను.

"అక్కడితో అయిందా? ఆ జ్వరమే స్వయంగా వచ్చింది మావాళ్ల మీదికి. నా తాళం అడిగింది, నీ వేలేదీ అని. జ్వరానికి వేలెక్కణ్ణించి వస్తుంది? తల దించుకుని వచ్చిన దారినే పోయింది. పద్దెనిమిది మందిలో ఒక్కళ్లకి తుమ్మయినా వచ్చిందేమో అడగండి. ఆ పద్దెనిమిది తాళాలూ ఎంతసేపట్లో పంచాననుకున్నారు? గంటలో."

"నిజమే బాబూ, గంటే పట్టింది," అన్నాడు టైలరు.

మావాడు వెనక్కి తిరగలేదు.

"తాళాలు పంచింది కిటికీలు లేని గదిలో కదా. మా ఆవిడ వరసలో పదకొండోది. ముందు నిలబడ్డాయన దగ్గుతూనే ఉన్నాడని ఇంటికొచ్చి చెప్పింది."

జేబులోంచి చిన్న కవరు తీసి మెట్టు మీద, వాడి పక్కన పెట్టాడు.

"ఆవిడ తాళం. ఆఫీసువాళ్లు తిరిగిచ్చెయ్యమన్నారు. విప్పలేదు. సోమవారం నుంచి పని అన్నారు, ఆదివారమే జ్వరమొచ్చింది. తీసుకున్నప్పుడు సంతకం పెట్టిందట. ఇచ్చేటప్పుడు నేను ఎక్కడ పెట్టాలి?"

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. ఆ కవరు మీద మావాడి రాతే ఉంది, పదకొండు అని.

"నేను రాసుకుంటాలెండి," అన్నాడు వాడు కవరు అందుకుని.

టైలరుకి టీ ఇచ్చాను. "వద్దమ్మా, షాపు తీసి ఉంది," అని వెళ్లిపోయాడు.

మేనేజరు రాసిచ్చిన కాగితంలో ఒక్కొక్కరికి అరగంట. రోజుకి తొమ్మిది మంది చొప్పున రెండు రోజులు. నేనే అన్నాను, రెండు రోజులు ఆ గదిలో ఎందుకురా, గబగబా ముగించుకుని ఇంటికి రా అని. గంటలో వచ్చేస్తానమ్మా అన్నాడు. అన్నట్టే అందర్నీ ఒక్కసారే ఆ గదిలోకి పిలిచి పంచేసి వచ్చాడు. మావాడు ఎంత చురుకో అని వీధంతా చెప్పుకున్నదాన్ని నేనే.

లోపలికెళ్లి పొయ్యి దగ్గర నిలబడి, వాళ్లలో బతికున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టాను. మావాడితో కలిపి ఆ గదిలోకి వెళ్లింది పందొమ్మిది మంది. జ్వరం తగలనివాళ్లు పన్నెండు మంది. ఆసుపత్రికెళ్లి ఇంటికొచ్చినవాళ్లు ఆరుగురు. మొదటి వేలు మావాడికి మడిచాను.

సిగ్గేసింది. వేళ్లన్నీ విప్పి, ఈసారి టైలరు భార్యతో మొదలుపెట్టాను. ఆ వేలు మడవడానికి లేదు.