మెంబరుగారు గేటు దాకా వచ్చిన వైనం

ఆ వీధిలో మాట్లాడటమంటే మైకు బాబాయే. సభలకీ వేడుకలకీ మైకులు అద్దెకిస్తాడు గానీ, ఆయనకు మాత్రం మైకు అక్కర్లేదు. అందుకే తెల్లవారుజాము బస్సు తమ మలుపులో ఆగడం మానేసినప్పుడు, మెంబరుగారితో మాట్లాడి రమ్మని వీధంతా కలిసి ఆయన్నే పంపింది. ఓట్లేసి గెలిపించిన మనిషికి మన కష్టం వినపడాలంటే గట్టి గొంతు ఉండాలని అందరి నమ్మకం.

ఆస్పత్రి అక్కకు ఆ బస్సే ఆధారం. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. ఇప్పుడు ఎంత గబగబా నడిచినా రోజూ ఆలస్యమే. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని సూపర్‌వైజరు ఆ రోజే తేల్చి చెప్పాడు. సాయంత్రం మైకు బాబాయి టీకొట్టు దగ్గర దిగాడని వినగానే, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది.

బాబాయి అప్పటికే బెంచీ మధ్యలో కూర్చుని కథ అందుకున్నాడు.

"ముందు గేటు దగ్గర కాపలావాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అందరికీ లేవడు వాడు."

"నువ్వెళ్ళి వాడి కుర్చీలో కూర్చోబోయావేమో," అంది టీ వడకడుతున్న పెద్దమ్మ.

"వినవమ్మా. లోపల వరండా నిండా జనం, తలా ఒక అర్జీ, తలా ఒక ఏడుపు, నేనిలా గొంతు సవరించుకున్నానో లేదో చీలి దారిచ్చేశారు, తలుపు తోసుకుని వెళ్తే మెంబరుగారు పెద్ద పెద్ద ఆఫీసర్లతో మీటింగులో ఉన్నాడు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు, 'మీరు రేపు రండి' అన్నాడు. ఎవరితో?"

"నీతోనే అయ్యుంటుంది," అన్నాడు బేకరీ మావయ్య. ఆయనకీ ఆ బస్సే దిక్కు. పొద్దున్నే పొయ్యి వెలిగించాలి.

"ఆఫీసర్లతోనయ్యా."

"మరి బస్సు సంగతి, బాబాయ్?" అంది అక్క.

"వస్తున్నానమ్మాయ్, బస్సు కంటే ముందే వస్తున్నా. మన వీధి పుట్టుపూర్వోత్తరాల దగ్గర్నుంచి మొదలెట్టాను. నా గొంతుకు బీరువాల మీద ఫైళ్ళ దుమ్మంతా లేచి కిటికీలోంచి బయట పడితే, మబ్బు కమ్మిందనుకుని రోడ్డు మీద జనం గొడుగులు తెరిచారంటే చూసుకో. మెంబరుగారు కళ్ళు తుడుచుకున్నాడు."

"దుమ్ము పడి ఉంటుంది," అంది పెద్దమ్మ.

బాబాయి ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. టీ గ్లాసు కింద పెట్టేసి లేచి నిలబడ్డాడు. "అప్పుడాయన నేరుగా పెద్ద సభకే ఫోను కలిపాడు. అక్కడ మహా రభసగా ఉంది, అటువాళ్ళు ఇటువాళ్ళ మీద బల్లలు గుద్ది అరుస్తున్నారు. 'మీరే చెప్పండి' అని ఫోను నా చేతికిచ్చాడు. నేను ఒకటే మాటన్నాను, 'ఆగండి' అని. అంతే, సభ ఆగిపోయింది. సభతోపాటు గోడ మీద గడియారం ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, పైన పోతున్న విమానం పోతున్నట్టే ఆగిపోయి, పైలెట్ కిటికీలోంచి తల బయటపెట్టి 'ఎవరండీ ఆ మాట్లాడేది' అని అడిగాడు."

"బస్సు కూడా ఆగిందా?" అంది అక్క. ఎగతాళికి అనలేదు. ఆమె మనసంతా అక్కడే ఉంది.

"అక్కడికే వస్తున్నా. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కావలించుకున్నారట, అదీ ఫోన్లో వినపడింది. మెంబరుగారు తన కుర్చీ ఇచ్చేస్తానంటే, 'వద్దండీ, నా మైకుల షాపు ఎవరు చూస్తారు' అన్నాను. బయల్దేరుతుంటే వదల్లేదు, రెండు చేతులూ పట్టుకుని మెట్లు దిగి, అంతటి మనిషి గేటు దాకా నాతో నడిచొచ్చి, అప్పుడడిగాడు, 'ఇంతకీ తమరు ఏ పని మీద వచ్చారు' అని."

ఆ కోతలన్నిట్లో ఈ ఒక్కటే నిజమని అక్కకు తెలిసిపోయింది.

"ఏం చెప్పావు బాబాయ్?"

"గేటు దాకా వచ్చి సాగనంపుతున్న మనిషితో పనుండి వచ్చానని ఎలా అంటానమ్మా, మర్యాదేనా? ఊరికే ఓసారి చూసిపోదామని వచ్చానన్నాను."

"ఆకాశంలో విమానాన్ని ఆపొచ్చాడు," అంది పెద్దమ్మ, ఆయన ముందున్న గ్లాసు తీసేస్తూ. "బస్సు ఆపమని అడగడానికి మొహమాటపడ్డాడు."

బేకరీ మావయ్య పడీపడీ నవ్వాడు. అక్కకు నవ్వు రాలేదు.

"రేపు నాకు సెలవు," అంది. "నువ్వూ రా మావయ్యా. ఆలస్యమైతే మా పని పోతుంది, బస్సు ముందులాగే మా మలుపులో ఆగాలని చెప్దాం. ఎప్పట్నుంచి ఆగుతుందో అడుగుదాం. చెప్పేదాకా అక్కడే కూర్చుందాం."

"అంతేనా?" అన్నాడు మైకు బాబాయి, నిజంగానే నొచ్చుకుని. "మరీ చప్పగా ఉందమ్మాయ్."

"చప్పగానే ఉండనీ బాబాయ్," అంది అక్క. "బస్సు ఆగితే చాలు."