ముప్పై ఒక్క తాటిచెట్లు

చందుర్తి దిక్కు ఒక ఊర్లె కల్లు గీత కార్మికుల సంఘం ఇయ్యాల తాటిచెట్లు పంచుకుంటది. చెట్లెక్కే మోకు భుజానేసుకుని బయలెల్లిన తండ్రి మస్తు కోపంల ఉన్నడు. ఇంటర్ల లెక్కలు చదివే బిడ్డ గడప మీద కూసోని ఇంటున్నది.

"మా ప్రెసిడెంట్ జలపతి దొంగలెక్క చేస్తున్నడు బిడ్డా. ఏ ఏడాది పంచినా సరిగ్గ రాదు. ఇయ్యాల నిలదీస్త."

"చెట్లెన్ని బాపూ?"

"ముప్పై ఒకటి. ఎనిమిదిమందిమి ఉన్నప్పుడు తలా మూడొచ్చి, ఏడు మిగిలినయి. ఒకాయిన దుబాయి పోయిండు, ఏడుగురమైనం. తలా నాలుగొచ్చి, మూడు మిగిలినయి. నిరుడు ఇంకొకాయిన చెట్టు మీదికెల్లి పడి నడుం ఇరగ్గొట్టుకున్నడు. ఇప్పుడు ఆరుగురం. తలా అయిదొచ్చినా ఒకటి మిగులుతది. మిగిలినయి ఎప్పుడు జలపతే గీసుకుంటడు!"

"ఈ లెక్కల జలపతి తప్పేం లేదు బాపూ. ముప్పై ఒకటి ప్రధాన సంఖ్య. ఇద్దరికి పంచినా పదిమందికి పంచినా మిగులుతది."

"అయితే ఎన్నటికి సరిగ్గ రాదా?"

"ముప్పై ఒక్కమందికైతే వస్తది, తలా ఒకటి."

"గంతమంది ఎక్కేటోళ్లు ఇప్పుడేడున్నరు? ఇంకో తొవ్వ లేదా?"

"ఉన్నది. మొత్తం ఒక్కనికే ఇస్తె సరిగ్గొస్తది."

ఆయన మోకు కింద పెట్టిండు. గీ ముక్క ఇన్నేండ్లల్ల ఎవ్వలు చెప్పలే. కోపం దిగిపోయింది.

"గట్లనా! మరి జలపతితోని కొట్లాటెందుకు బిడ్డా? ఎనిమిదిమందిమి ఆరుగురమైనం. జర ఓపిక పడితే లెక్క దానంతటదే సరైతది."