పక్క సీటు

"నిజం చెప్తేనే రేపు నేనీ బండెక్కుత. లేకుంటె నువ్వొక్కనివే పో, కన్యాకుమారికి పోతవో, కాశ్మీరుకు పోతవో."

నాచారంలో ఒక ఇరుకు గల్లీ. దాంట్లో సగం మింగి నిలబడ్డ కొత్త పికప్ బండి, దాని వీపు మీద రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి పట్టేంత తెల్లని గది. ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుని రేపటి ప్రయాణానికి సామాను సర్దుతున్నారు రాహేలు, ఆమె భర్త బెంజమిన్. ముప్పై నాలుగేళ్లు రైలింజను నడిపి మొన్న మార్చిలో రిటైరైన బెంజమిన్‌కు అబద్ధమాడడం చేతకాదు, పాపం. చెప్పకుండా ఉండడం మాత్రం బాగా వచ్చు.

"ఏం నిజమే? ఆ తొక్కు సీసా ఇటియ్యి, కింది అరల పెడ్త."

"తొక్కు సీసా మీదనే ఉంటది. నువ్వు మాట తప్పియ్యకు."

"తప్పిస్తలేను."

"మరి రోజు పొద్దుగాల ఐదున్నరకు ఏడికి పోతున్నవ్?"

"వాకింగ్‌కు."

"రెండున్నర నెలల సంది వాకింగేనా?"

"డాక్టర్ నడువుమన్నడు గద."

"నడువుమన్నడు. ఉప్పల్ దాటి పీర్జాదిగూడ దాక నడువుమన్నడా?"

"పీర్జాదిగూడ అని ఎవలన్నరు?"

"పక్కింటి సత్తమ్మ అన్నది. వాళ్ల చెల్లె ఆడనే ఉంటది. ఇద్దరు కలిసి సూసిన్రట."

"సత్తమ్మను కండ్లద్దాలు మార్చుకోమని చెప్పు."

"ఆమె కండ్లకేమైంది? కారుల ఉన్నవట. పక్కన ఒక పిల్ల. జుట్టు మెడ దాక కత్తిరించుకున్నదట."

"ఎవలనో సూసి నేననుకున్నది."

"నీ నీలం అంగీ గూడ ఎవలో ఏసుకున్నరా?"

"నీలం అంగీలు ఊర్ల నా ఒక్కని కాడనే ఉంటయా?"

"ఆ అంగీ జేబులనే చిట్టీ దొరికింది. ఉతుకుదమని తీస్తే."

"ఏం చిట్టీ?"

"గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకున్నట్టు, జేబు తడుముకోకు. అది నా కాడ ఉన్నది. 'రేపు 8. మంచిగొస్తే ఎల్లుండి H.' గదీ రాసింది. ఎనిమిదంటె ఎనిమిది గంటలా? హెచ్ అంటె ఎవలు?"

"అది... బండి నట్ల సైజు. షెడ్డోళ్లు రాసిచ్చిన్రు."

"నట్లు మంచిగొస్తయా ఎల్లుండి?"

"నువ్వు పోలీసోల్ల లెక్క అడుగుతున్నవ్ రాహేలు."

"నువ్వు దొంగల లెక్క చెప్తున్నవ్. సరే, అది పక్కన పెట్టు. ధీరజ్‌కు ఎందుకు ఫోన్ జేసినవ్?"

"ఏ ధీరజ్?"

"మనకు ఎంతమంది అల్లుండ్లున్నరు? నాగపూర్ దాక తోడు రమ్మన్నవట. మన బిడ్డ దీవెన చెప్పింది."

"జర దూరం గద. ఇంకో మొగోడు ఉంటె మంచిదని."

"మనిద్దరమే పోదమంటివి."

"అన్న."

"ముప్పై నాలుగేండ్లు నువ్వు ఇంజన్ల, నేను బోగీల. పెండ్లైన కొత్తల బెజవాడ పోయినప్పుడు గూడ నువ్వు డ్యూటీ మీద ముంగట, నేను పదిహేడో డబ్బల. తినుమని అరటిపండు ఇద్దమన్నా అందలే. ఇప్పుడన్న పక్కపక్కన కూసోని దేశం సూద్దమని నువ్వే అంటివి. అన్నవా లేదా?"

"అన్నంటున్న గద."

"మరి మనిద్దరి నడుమ అల్లుడెందుకు?"

"ఈ గ్యాస్ పైపు సరిగ బిగిచ్చిన్రా లేదా? ఏదో వాసనొస్తున్నది."

"వాసన నాకు గూడ వస్తున్నది. పైపుది కాదు."

"గిట్ల మాట్లాడితే నేనేం చెయ్యాలె?"

"నా మోకాళ్ల కోసం మెట్టు కిందికి పెట్టిచ్చినవ్. నేను పండుకునే దిక్కు కిటికీ పెట్టిచ్చినవ్. దోమల జాలి పెట్టిచ్చినవ్. మొగడు ఉత్తగనే మంచిగుంటె ఎన్క ఏదో ఉన్నట్టే అంటుండె మా అమ్మ. నాగపూర్ల ధీరజ్ దిగిపోతే, ఆడ ఎవలెక్కుతరు? ఆ జుట్టు కత్తిరించుకున్న పిల్లనా?"

"నోరు కడుక్కో రాహేలు. ఆ పిల్ల మన దీవెన కన్న రెండేండ్లు చిన్నది."

"సూసినవా. ఇందాక ఎవలో తెల్వదంటివి. ఇప్పుడు ఆమె వయసు గూడ చెప్తున్నవ్."

బియ్యం డబ్బా మీద పెట్టిన ఫోను సరిగ్గా అప్పుడే మోగింది. బెంజమిన్ చెయ్యి చాపేలోపే రాహేలు పేరు చదివేసింది.

"సిరి ఎవలు?"

"ఇన్సూరెన్సోళ్లు."

"స్పీకర్ పెట్టు."

"మల్ల మాట్లాడుత."

"పెట్టుమంటున్న."

"హలో, సార్? రేపే గద ప్రయాణం. పొద్దుగాల ఐదింటికి ఆఖరిసారి రాండ్రి సార్, గ్రౌండ్ ఖాళీగుంటది. మేడంకు చెప్పిన్రా లేదా?"

"అమ్మా, నేను మల్ల జేస్త."

"ఎన్ని దినాలు దాస్తరు సార్? మీరు చెప్పకుంటె నాకే మంచిగనిపిస్తలేదు. ఇయ్యాల చెప్పాలె మీరు."

"పెట్టేస్తున్న తల్లీ."

"ఇన్సూరెన్సోళ్లకు నా మీద మస్తు ఫికర్ ఉన్నది."

"రాహేలు, కూసో. ఏడికి లేస్తున్నవ్?"

"సైనిక్‌పురికి. దీవెన ఇంటికి. రేపు ఆరింటికి పాస్టరయ్య ప్రార్థనకొస్తడు, గల్లీ గల్లీ అంత వస్తది. నీ పెండ్లాం ఏదయ్యా అంటె నువ్వే చెప్పుకో."

"కూసో. చెప్త."

"నిలవడే వింట."

"ఆ పిల్ల డ్రైవింగ్ నేర్పుతది."

"ఎవలకు?"

"నాకు. నాకు బండి తోలుడు రాదు."

"ఊఁ."

"ఇంజన్‌కు స్టీరింగ్ ఉండదు రాహేలు. సైకిల్ తప్ప నేను రోడ్డు మీద ఏదీ తోలలే. ఇరవై నాలుగు బోగీలు గుంజినోనికి ఇదెంత అనుకున్న. బండి కొన్నంక నేర్చుకుందమనుకున్న. ఎనిమిదంటె ఎనిమిదంకె లెక్క బండి తిప్పుడు. హెచ్ అంటె ఆ అక్షరం లెక్క ముంగటికి ఎన్కకు పోవుడు. టెస్ట్‌ల అడుగుతరు."

"ఊఁ."

"ఉప్పల్ పోయి రెండుమార్లు టెస్ట్ ఇచ్చిన. రెండుమార్లు ఫెయిల్. నవ్వుతలేవేం?"

"నవ్వేటట్టున్నదా? షోరూం కెళ్లి బండి తెచ్చింది షోరూమోళ్లు. షెడ్డుకు తీస్కపోయింది షెడ్డోళ్లు. చర్చికి తీస్కపోయింది ధీరజ్. నువ్వేమో నడుము నొప్పంటివి."

"నడుము మంచిగనే ఉన్నది."

"గోడకు దేశపటం కొట్టి ఎర్రగీత గీస్తివి. గల్లీల ప్రతి ఒక్కరిని పిల్చి సూపిస్తివి. లైసెన్స్ లేకనే గింత జేసినవా?"

"వస్తదనుకున్న."

"పద్దెనిమిదేండ్ల పోరగాండ్లు పాసైతున్నరు. నువ్వెందుకు ఫెయిలైతున్నవ్?"

"గేర్లు వచ్చినయ్. బ్రేకు వచ్చింది."

"మరి?"

"ఇగ ఇడ్సిపెట్టు. దాసింది చెప్పిన గద."

"సగం చెప్పినవ్. నీ మొకం ఇంకా గట్లనే ఉన్నది. ఆటో పిలుస్త నేను."

"తప్పించుడు వస్తలేదు."

"ఏంది?"

"మలుపు కాడ తిప్పుత. ఎనిమిది గూడ తిప్పుత. ఎవలన్న ఎదురుంగ వస్తే చెయ్యి తిరుగుతలేదు. పోయిన నెల గ్రౌండ్ ఎన్క రోడ్డు మీద ఒక ముసలామె అడ్డమొచ్చింది, నెత్తిన కూరగాయల గంప. పక్కన కావల్సినంత జాగ ఉన్నది. చెయ్యి జర ఇట్లంటె అయిపోతుండె. నేను హారన్ కొట్టిన. కొట్టుకుంట, బ్రేకు తొక్కి పట్టి, కండ్లు మూసుకున్న. పక్క సీట్ల ఉన్న సిరి స్టీరింగ్ గుంజింది గాబట్టి ఆమె బతికింది."

"కండ్లు మూసుకునుడేంది?"

"అలవాటు."

"ఏం అలవాటు?"

"పట్టాల మీద ఎవలన్న నిలవడితే ఇగ నువ్వు జేసేదేం లేదు. కుడి లేదు, ఎడమ లేదు. బ్రేకేసినా బండి ఇంకో కిలోమీటరు పోయి ఆగుతది. హారన్ కొట్టాలె. తర్వాత కండ్లు మూసుకోవాలె. తోలుడంటె గంతే అయిపోయింది నాకు."

"ఎంతమంది?"

"ఎందుకే ఇప్పుడు."

"ఎంతమంది, దీవెన నాయినా?"

"పదకొండు."

"ఒక్కరి గురించి గూడ నాకు చెప్పలే."

"ఏమని చెప్పాలె? పేరు గూడ తెల్వదు. కిలోమీటరు నంబర్ రాసి ముందటి స్టేషన్ల మెమో ఇస్తం. మల్ల బండి టైముకు తియ్యాలె. ఎనక ఉన్నోళ్లకు ఏమైందో గూడ తెల్వదు, చాయ్ తాగుతుంటరు. ఆ నంబర్లు మాత్రం నాకు యాదికున్నయ్."

"అయితే, ఆ దినాలు అవేనా?"

"ఏ దినాలు?"

"డ్యూటీ కెళ్లి వచ్చి, లోపలికి రాకుంటనే బయట నల్లా తిప్పుకోని తానం జేస్తుంటివి. దీవెన ఉరికొస్తే దగ్గరికి రానియ్యకపోతుంటివి. రెండు మూడు దినాలు అన్నం కలిపి ఇడ్సిపెడుతుంటివి. ఏమైందంటె అలసట అంటుంటివి."

"అవే."

"డ్యూటీకి పోయి నువ్వు రాత్రి ఆగే బల్లార్షాల నీకు ఇంకొకామె ఉన్నదనుకున్న."

"ఏంది?"

"అనుకున్న. ఒక్క దినం కాదు, ఇరవై ఏండ్లు. అంగీ పిండేటప్పుడు వాసన సూస్తుంటి. గ్రీజు వాసన తప్ప ఏం రాకపోతుండె, అయినా నమ్మకపోతుంటి. ఆమె సావాలె ప్రభువా అని మోకాళ్లూని ప్రార్థన జేసిన. లేని మనిషి సావాలని."

"నీకు గట్లెందుకు అనిపించింది?"

"నువ్వేం చెప్పకపోతే నేనేమనుకోవాలె? ఇంట్ల పెండ్లాం కూసోని ఉంటె, అంత బరువు ఒక్కనివే మోసుకుంట తిరిగినవ్. నాకు ఏడుపొస్తున్నది. నీ మీద కోపం గూడ వస్తున్నది, రెండు కలిసి వస్తున్నయ్."

"చెప్తె నా చెయ్యి ముట్టుకోవనుకున్న."

"పిచ్చోడా. ఇటు తే ఆ చెయ్యి."

"ఏడ్వకు. ఎవలన్న వింటరు."

"విననియ్యి."

"ఇగ ఈ బండి వొద్దు రాహేలు. అమ్మేద్దం. పాస్టరయ్యకు ఇప్పుడే ఫోన్ జేస్త."

"ఏమని?"

"పానం మంచిగ లేదని."

"మల్ల అబద్ధమా? ఇప్పుడే గద నోరు తెరిస్తివి."

"మరేం జెయ్యాలె? ధీరజ్‌కు సెలవు దొరుకలే. డ్రైవర్‌ను పెట్టుకుంటె మనిద్దరం మల్ల ఎనక డబ్బలనే కూసోవాలె. ముంగట పక్కపక్కన కూసుందమని మాటిచ్చిన నీకు. ముప్పై నాలుగేండ్లల్ల ఇచ్చింది ఆ ఒక్క మాట. అది గూడ నిలుపుకోలేకపోయిన."

"తాళం ఏది?"

"దేనిది?"

"బండిది."

"గీ జేబుల ఉన్నది. ఎందుకు?"

"ఇటియ్యి. బండి మొకం గల్లీ లోపలికున్నది. పొద్దుగాల జనమొచ్చినంక కష్టమైతది. ఇప్పుడే తిప్పి పెట్టాలె."

"ఎవలు తిప్పుతరు? రాహేలు, ఆగు. దిగకు. అది పికప్పు, పిల్లలాట కాదు."

"మొదటి దినం సిరి గూడ పిల్లలాట కాదనే అన్నది."

"ఏ సిరి?"

"నీ సిరే. నీ పక్కన తిరిగే పిల్లెవలో పట్టుకుందమని పీర్జాదిగూడ పోయిన. ఉత్తగ నిలవడితే అనుమానమొస్తదని మధ్యానం బ్యాచ్‌ల పేరు రాయించుకున్న. నువ్వెందుకు ఫెయిలైతున్నవో ఎన్నిమార్లడిగినా ఆ పిల్ల చెప్పలే, సార్ నోటనే వినుండ్రి అన్నది. గందుకే ఇయ్యాల తెల్వనట్టు అడిగిన."

"అంటె నువ్వు రెండు నెలల సంది..."

"పోయిన మంగళారం నాకు లైసెన్స్ వచ్చింది. ఎడమ దిక్కు ఎక్కి కూసో."