ఫ్రాన్సిస్ బావ బెల్జియం నాటకం

ఏటే దేవిశ్రీ, యూరోపు నాటకాల మీద నీకు పరీక్షా? మీ యూనివర్సిటీలో అది కూడా సెప్తారేటి? ఆ పుస్తకం కాసేపు పక్కన పెట్టి ఇలగ కూకో. మీ సారు ఆ నాటకాలు వీడియోలో సూసుంటాడు. నానైతే అందులో ఏషం కట్టేను. నవ్వకే, నిజమే సెప్తన్నాను. సిన్నప్పుడు నీకు సాకలెట్ల డబ్బా తెచ్చేను, గుర్తుందా? అది గాజువాకలో కొన్నాననుకున్నావేటి, బెల్జియంది. నన్నక్కడికి లాక్కెల్లినోడు ఫ్రాన్సిస్ బావ. నీకతను గుర్తుండడులే. పొడుగు మనిషి, ముందుకి వంగి నడిసీవోడు, గొంతు మాత్రం ఈది సివరిదాకా ఇనిపించీది. సుట్టరికమా? ఏటీ లేదు. ఆళ్ళు క్రిస్టియన్సు, మనవేమో సోడవరం కాడ యవసాయపోళ్ళం. ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టు, ఒకే బస్సు, ఒకే టిఫిను, ఇంకేటి కావాల, బావే అయిపోయేడు. కోక్ ఒవెన్ల మీద మా పని. బొగ్గుని కాల్సీ పొయ్యిలే అవి, మిద్దెలంతేసి ఉంటాయి. ఆటి నెత్తి మీద నడిసి మూతలు తియ్యాల, ముయ్యాల. కాళ్ళకి సెక్క అడుగున్న సెప్పులిచ్చీవోరు, మామూలు బూటైతే కరిగిపోద్ది మరి. ఇంటికొచ్చి పడుకుంటే పిల్లలు ఏడిసినా, పెళ్ళాం పిలిసినా మెలకువ వచ్చీది కాదు. అయితే ఫ్రాన్సిస్ బావకి ఇంకో పిచ్చుండీది. ఏటేటా క్రిస్మస్‌కి సర్చిలో నాటకం, అందులో పసి ఏసుని సంపించాలని సూసిన హేరోదు రాజు ఏషం అతందే. ఇంకోడు కడతానంటే ఒప్పుకునీవోడు కాదు. అట్ట కిరీటం, ఎర్ర దుప్పటి కప్పుకొని పద్యం ఎత్తుకున్నాడంటే సిన్న పిల్లలు జడుసుకుని ఏడిసీవోరు.

మేం రిటైరయ్యేక వచ్చింది ఆవిడ, మార్లీన్ అని, బెల్జియం నాటకాలావిడ. ఉక్కునగరంలో మీటింగెట్టి, పన్జేసి అలిసిపోయినోళ్ళు కావాలన్నాది. అలసట మీద నాటకం సేస్తాదంట. మావోళ్ళు కొందరు అదేటి నాటకం, ఇంట్లో మా ఆవిడ రోజూ సేస్తాది అని నవ్వీసేరు. ఫ్రాన్సిస్ బావ మాత్రం నిలబడి హేరోదు పద్యం పాడీసేడు. ఆవిడ బాగా ఇని, బాగుంది కానీ నాకు యాక్టింగ్ వద్దు అన్నాది. రేచల్ ఆ మాట తెలుగులో సెప్పింది. రేచల్ అంటే అతని కూతురు, ఇంగ్లీషు టీచరు, ఆ రోజు అనువాదానికి వచ్చింది. యాక్టింగ్ వద్దంటే మరి నాటకం ఎలగని బావ పెద్ద గొడవ. అయినా ఎల్తానన్నాడు. సింహాద్రి బావా, నువ్వూ రా, అక్కడ నాకు మాటాడ్డానికి ఎవుడుంటాడు అని నా పేరు కూడా రాయించీసేడు. అనువాదానికి రేచల్‌ని కూడా మాతో రమ్మన్నాది మార్లీన్. మీ మామ్మేమో ఎల్లు ఎల్లు, కొన్నాళ్ళు ఇల్లు పెశాంతంగా ఉంటాదన్నాది.

సలి, బాబూ, సలి. ఆ ఊళ్ళో కూడా ఉక్కు ఫ్యాక్టరీ ఉండీదంట, మూసీసేరు. ఆ షెడ్డులోనే నాటకం. పైన రేకులు, కింద మూడు కుర్సీలు, అంతే. మా ఇద్దరితోటీ ఆ ఊరోడొకడు, యాన్ అని, అక్కడే పన్జేసినోడు. ముందేటంటే, మేం ముగ్గురం ఉత్త సేతుల్తో మా పని సేసి సూపించాల. మూత లేకుండానే మూత ఎత్తాల, ముయ్యాల. అలగ సేస్తానే ఉండాల, జనం సూస్తానే ఉంటారు. మొదటి రోజు ఒకాయన నిద్రపోయేడు. మాకు సిగ్గేసింది. మార్లీన్ కోప్పడలేదు, ఈ నాటకంలో నిద్రపోవచ్చు అన్నాది. పని అయ్యేక ఒక్కొక్కలం కుర్సీలో కూకొని ఒక ముచ్చట సెప్పాల. నాను షిఫ్టు దిగి బస్సులో నిలబడే నిద్రపోయి కూర్మన్నపాలెంలో దిగాల్సింది అనకాపల్లిలో తేలిన సంగతి సెప్పీవోణ్ణి. నవ్వీవోరు. యాన్‌దేమో ఆళ్ళ ఫ్యాక్టరీ మూసిన రోజు సంగతి. ఫ్రాన్సిస్ బావదేమో ప్రేమలీల సంగతి, అంటే అతని భార్య. ఆమెకి ఉబ్బసం. ఒక రోజు ఇతని తర్వాత షిఫ్టుకి రావాల్సినోడు రాకపోతే ఇతనే నానుంటాలే అని డబల్ డ్యూటీకి నిలబడిపోయేడు. అప్పట్లో సెల్ ఫోన్లేటి. పక్కింటోళ్ళు ప్లాంటు గేటు కాడికొచ్చి కబురెట్టి, అది పొయ్యిల మీద దాకా వచ్చి, ఇతను దిగి ఇంటికెల్లేసరికి ఆమె పేణం పోయింది. ఇంట్లో ఉన్నది రేచల్ ఒక్కర్తే, పదో క్లాసు సదువుతాంది. ఆ ముచ్చట ఇతను తెలుగులో సెప్తే, పక్కన మైకు పట్టుకుని రేచల్ ఇంగ్లీషులో సెప్పాల. ఆలోసించు, తల్లి సావు రోజూ సాయంత్రం పది మందికీ అనువాదం సెయ్యాల.

మొదట్లో ఉన్నదున్నట్టే సెప్పీవోడు. నాను ఎల్లేసరికి అయిపోయింది, అంతే. జనం గమ్మునుండీవోరు. కానీ నాటకాలోడు గదా, ఊరుకోలేడు. తర్వాత ఆటలో, ఆమె పోతా పోతా నా పేరు పిలిసింది అన్నాడు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుసుకుంది. ఆ తర్వాత, ఆయన అన్నం తిన్నాడా అని అడిగింది అన్నాడు. మరీ తర్వాత, ఆయన్ని డ్యూటీ మధ్యలో పిలవకండి అన్నాది అని కూడా కలిపీసేడు. ఆటాటకీ ప్రేమలీల మాటలు పెరిగిపోతన్నాయి. గ్రీన్ రూములో నాను అడిగేను, ఏటి బావా, నువ్వు లేనప్పుడు గదా ఆమె పోయింది, ఈ మాటలన్నీ నీకెవులు సెప్పేరని. అతను కాస్త ఆలోసించి, ఎవులో సెప్పినట్టే ఉందిరా అన్నాడు. అబద్ధమాడతన్నట్టు లేదే మొకం. నిజంగానే అలగ జరిగిందని నమ్మీసేడు. రేచల్ అక్కడే కూకొని టీ తాగతాంది.

ఆ మర్నాడు ఆటలో ఇతను అదే సెప్పేడు, ఇంకాస్త సాగదీసి. రేచల్ మైకు పట్టుకుని సెప్తాంది. నాకొచ్చింది ముక్క ఇంగ్లీషే గానీ, ఇతను సెప్పిందొకటి, ఆ గుంట సెప్పిందొకటి అని తెలిసిపోయింది. వాటర్ అన్నాది. ఇతని కథలో నీళ్ళెక్కడున్నాయి? ఇతనికీ తెలిసింది. ఆగి, అంత మంది ముందరా, ఏటన్నావమ్మా అని తెలుగులో అడిగేడు. ఆ గుంట మైకు కిందకి దించీసి సెప్పింది. "అమ్మ నీ పేరు పిలవలేదు నాన్నా. మంచినీళ్ళడిగింది. నాను తెచ్చేసరికి తాగలేకపోయింది. నువ్వెప్పుడూ అడగలేదు." గట్టిగా కూడా అన్లేదు. అలిసిపోయినోళ్ళు మాటాడినట్టు అన్నాది. యాన్‌కి తెలుగేటి తెలుసు, నాటకంలో భాగమనుకున్నాడు. ఫ్రాన్సిస్ బావ లేసి, ఆ కుర్సీ దులిపి, కూతుర్ని సెయ్యట్టుకుని తెచ్చి కూకోబెట్టేడు. "మొత్తం సెప్పమ్మా. నాను ఇంటాను," అన్నాడు. అతను కింద నేల మీద కూకున్నాడు. రేచల్ తెలుగులోనే సెప్పింది. ఆయాసం ఎప్పుడు మొదలైందో, ఆయాసానికి పీల్సీ మందు గొట్టం ఎక్కడ ఎతికిందో, అది ఖాళీ అయిపోయుంటే ఏం సేసిందో, పక్కింటోళ్ళు గేటుకెల్తే తల్లి తల ఒళ్ళో ఎట్టుకుని ఒక్కర్తే ఎంతసేపుందో, అన్నీ. అక్కడున్నోళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఒకడూ లేసి ఎల్లలేదు, ఒకడూ నిద్రపోలేదు. ఇతను ఇంటన్నాడు, మధ్యలో ఊఁ అంటన్నాడు, అంతే.

ఆట అయ్యేక మార్లీన్ వచ్చి ఇద్దర్నీ పట్టుకుని ఏడిసింది. ఏడిసి, రేపట్నుంచీ రోజూ ఇలగే సేద్దాం అన్నాది. ఆవిడ తప్పని నాననను, ఆవిడ పనే అది. రేచల్ తండ్రి వైపు సూసింది. బావ, "వద్దమ్మా. రోజూ సెప్తే ఇది కూడా నాటకమైపోద్ది," అన్నాడు. ఆవిడ శానా బతిమాలింది. కరారు ఉన్నాది, టిక్కెట్లు అమ్మీసేరు, ఆ సోటులో ఏటి పెట్టాల మరి? హేరోదు పద్యం పాడతానన్నాడు. ఆవిడ తల పట్టుకుంది, రెండ్రోజులు ఒప్పుకోలేదు, ఆఖరికి సరే అన్నాది. మిగిలిన ఆటలన్నిట్లో బావ పొయ్యిల పని సేసి, సెమట తుడుసుకుని, హోటలు తువ్వాలు నెత్తికి సుట్టుకుని హేరోదైపోయీవోడు. అలసట నాటకంలో రాజేటని అక్కడి పేపరోడు తిట్టేడంట. జనం మాత్రం సప్పట్లు కొట్టేరు.

ఇంటికొచ్చేక అతను ఇంకేటీ నాటకాలు ఆడలేదు. సర్చిలో హేరోదు ఏషం కూడా ఎవుడికో కుర్రోడికి ఇచ్చీసేడు. సాయంత్రమైతే రేచల్ ఇంటికెల్లి కూకునీవోడు. నాను డ్యూటీలో ఉన్నప్పుడు మీ అమ్మ ఏటి సేసీదని అడిగీవోడు. జాలరిపేట నుంచి సేపలమ్మొస్తే ప్రేమలీల ఆమెతో గంట బేరం ఆడి ఏటీ కొనకుండా పంపీసీదంట. ఇతను పడుకుంటే గడియారం గంట కొట్టకుండా దానికి గుడ్డ సుట్టీదంట. కుట్టు మిషను నేర్సుకుని మానీసిందంట. ఇవన్నీ మర్నాడు నాకొచ్చి సెప్పీవోడు, కొత్తగా పెళ్ళైనోడు పెళ్ళాం ముచ్చట్లు సెప్పినట్టు. నీకివన్నీ తెలీవేటి బావా అంటే, నానెప్పుడున్నాన్రా ఇంట్లో, ఉంటే నిద్రలో ఉన్నాను అన్నాడు. అలగ కొన్నేళ్ళు గడిసేయి. గుండె జబ్బొచ్చి పోయేడు. పోయినప్పుడు రేచల్ పక్కనే ఉన్నాది. ఏటైనా అన్నాడామ్మా అని అక్కడ ఎవులో అడిగితే, ఏటీ అన్లేదు, నా సెయ్యట్టుకున్నాడు అని ఉన్నదే సెప్పింది.

నాను అలగ అడిగేనా అంటావా? ఆఁ, అడిగేనే. బెల్జియం నుంచొచ్చిన వారానికే మీ మామ్మని అడిగేను. ఒలే సిలకమ్మా, నాను షిఫ్టులకి ఎల్లినన్నాళ్ళూ నువ్విక్కడ ఏటి సేసీదానివే అని. బియ్యం ఏరతాంది. సేట కింద ఎట్టి నా మొకం సూసింది. ఇప్పుడడుగుతన్నావా అన్నాది. అని, సెప్పింది. పొద్దోయీదాకా సెప్పింది.

ఏటి సెప్పిందా? అది నీకెందుకే. నీ బస్సు ఎన్నింటికి, ఎల్లవేటి?