మూత కింది అంకెలు

రిపేరు దుకాణంలో బల్ల మీద పాత సైనిక పెట్టె ఉంది. రేడియోలో మాటను రొదగా మార్చి పంపే పెట్టె అది. అవతలి పెట్టెలోనూ ఆ రోజుకిచ్చిన అవే అంకెలు పెట్టి ఉంటే రొద మళ్ళీ మాటవుతుంది. మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడే గానీ చెయ్యి కదలడం లేదు.

"నాన్న ఆఖరి రోజు వాడింది ఇదే బాబాయ్. తుక్కు వేలంలో దొరికింది. మూత తియ్యి," అంది ఎదురుగా నిలబడ్డ అతని పాత సైనిక మిత్రుడి కూతురు.

"ముప్పై ఏళ్ళ నాటి గోల ఇప్పుడెందుకు తల్లీ?"

"నాన్న అంకెలు తప్పు పెట్టాడనీ, అందుకే ఆయన పంపిన హెచ్చరిక ఎవరికీ అర్థం కాలేదనీ విచారణలో రాశారు. అంకెలు పెట్టే మీటలు ఆఖరిసారి తిప్పినట్టే ఉంటాయన్నావుగా, చూసి చెప్పు."

మూత ఊడింది.

"నాలుగు, ఒకటి, ఏడు, రెండు, రెండు, తొమ్మిది."

"నువ్వసలు లోపలికి చూడనే లేదు బాబాయ్."

అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

"రోజూ పొద్దున ఆ రోజు అంకెల చీటీ చదివేది నేను, విని మీటలు తిప్పేది మీ నాన్న. సాయంత్రం చీటీ కాల్చెయ్యాలి. ఒక్కరోజు మర్చిపోయాను. మర్నాడు దాన్నే చదివాను."

"అంటే నాన్న..."

"నేను చదివినట్టే పెట్టాడు."

"విచారణలో చెప్పలేదేం?"

"మీ నాన్న పోయాడు. రెండు చీటీలూ నేనే కాల్చేశాను. ఇంక నన్ను అడిగేదెవరు తల్లీ?"

ఆమె సంచిలోంచి కాల్ నడుస్తున్న ఫోన్ తీసి పెట్టె పక్కన పెట్టింది.

"మొదటి నుంచి చెప్పండి, మెకానిక్ గారూ. అమ్మ వింటోంది."