టేపు మడత

తన మెకానిక్ షెడ్డు వదిలి కూతురు సొంత షెడ్డు పెట్టుకుందని, దాని గడప తొక్కనని పంతం పట్టిన తండ్రి, ఆ ఉదయం కారుతో నేరుగా లోపలికే వచ్చాడు. ఆమె స్పానరు కింద పెట్టేసింది.

“ఆయిల్ లైటు వెలుగుతోంది. ఎంతకీ ఆరట్లేదు.”

“నీ షెడ్డు ఉందిగా నాన్నా? నాకు పని నేర్పిందే నువ్వాయె.”

“కళ్లు సరిగ్గా ఆనట్లేదు. చూస్తావా, పొమ్మంటావా?”

“అబ్బో, ముక్కు మీద కోపం మాత్రం అలాగే ఉంది! ఆయిల్ నిండుగానే ఉందే.”

“పంపు పోయిందేమో.”

“ప్రెషర్ పోతే ఇంజన్ టకటకా కొట్టుకోదూ? ఇది నిమ్మళంగా తిరుగుతోంది.”

తండ్రి చూపు కారు మీద లేదు, షెడ్డంతా తిరుగుతోంది.

“స్పానర్లన్నీ గోడకి తగిలించావే! నా దగ్గర ఒక్కటైనా చోట్లో పెట్టేదానివా?”

“నీ దగ్గర గోడ కనిపిస్తేగా! ఉండు, సెన్సర్ తీసి ప్రెషర్ గేజి పెట్టి చూస్తా.”

ఆమె వంగింది. సెన్సర్ వైరును ఎవరో ఊడదీసి, లైటు ఆరకుండా ఇంజన్ ఇనుముకు ఆనించి టేపు చుట్టారు. విప్పేవాళ్ల గోళ్లు నొప్పి పుట్టకుండా టేపు కొసను చిన్నగా మడిచారు. ఆ మడత ఆమెకు నేర్పింది ఒక్కరే.

“ఏమైందే, జబ్బు దొరికిందా?”

“పెద్ద జబ్బే నాన్నా. వారం వారం తెచ్చి చూపించాలి.”

“వారం వారమా? సరే, తప్పుతుందా మరి!”

“ఈసారి వైరు జోలికెళ్లకు. ఊరికే వచ్చెయ్.”